ముందు పాడైనది ఏది? టైమింగ్ బెల్టు పోయిన ఇంజిన్, వారంటీ పేచీ

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. పెట్రోలు కారు, కొని రెండున్నరేళ్లు, 46,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ వారంటీ మూడేళ్లు లేదా 1,00,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మంచి వేగంలో పోతుండగా ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. పక్కకు తీసి రెండు మూడు సార్లు ప్రయత్నించారు. స్టార్టర్ తిరిగింది గానీ ఇంజిన్ అందుకోలేదు. బండిని లారీ మీద సర్వీస్ సెంటర్‌కు చేర్చారు. వాళ్లు పక్కనున్న ప్లాస్టిక్ కవర్ విప్పి చూసి, టైమింగ్ బెల్టు పళ్లు రాలిపోయాయని, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ పుల్లీ బిగుసుకుపోయిందని, లోపల గాలి, పొగ దారులను తెరిచి మూసే వాల్వులు వంగి ఉంటాయని చెప్పారు. ఒక ఆయిల్ మార్పు మీరు బయటి గ్యారేజీలో చేయించారు కాబట్టి వారంటీ రాకపోవచ్చని నోటిమాటగా అన్నారు. ఇంజిన్ విప్పడానికి సమ్మతి కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టాలా వద్దా అని మీ ప్రశ్న.

పెట్టండి, కానీ ఇవాళ కాదు. ఆ కాగితంలో కొన్ని మాటలు చేరాక పెట్టండి.

ఇంజిన్లు విప్పి బిగించే పనిలో చాలా ఏళ్లున్నాను. తరువాత వారంటీ క్లెయిములు రాసి కంపెనీకి పంపే బల్ల దగ్గరా కూర్చున్నాను. అటు పని చేసే చేతులనూ ఇటు సంతకం చేసే చేతులనూ చూశాక నాకు తెలిసింది ఒక్కటే: ఇలాంటి పేచీల్లో సర్వీసు పుస్తకం, బిల్లులు, ఈమెయిళ్లు అన్నీ తరువాతి సంగతి. ముందు పాడైన భాగం ఏది? దానికి జవాబు ఎటు తేలితే డబ్బు ఎవరు కట్టాలన్నది అటే తేలుతుంది. ఆ జవాబుకు కావలసిన ఆనవాళ్లన్నీ ఇప్పుడు మీ బండిలోనే ఉన్నాయి. ఇంజిన్ విప్పి, భాగాలు కడిగి, ట్రేలో పోశాక సగం ఉండవు. దొంగ ఎవరో తేలకముందే ఇల్లు ఊడ్చి కడిగినట్టవుతుంది.

అసలు లోపల ఏం జరిగిందో ముందు చూద్దాం. కింద పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగే వేళకు పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క పన్ను కూడా తప్పకుండా చూడటమే టైమింగ్ బెల్టు పని. 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి 3,000 చుట్లు) దగ్గర క్రాంక్ సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది, ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. బెల్టు పళ్లు రాలిన క్షణంలో క్యామ్‌షాఫ్ట్ ఎక్కడిది అక్కడ ఆగిపోతుంది. వాల్వు స్ప్రింగుల బిగువు దాన్ని తిరగనివ్వదు. క్రాంక్ మాత్రం ఆగదు, బండి వేగం చక్రాల గుండా దాన్ని తిప్పుతూనే ఉంటుంది. తెరిచి ఉండిపోయిన వాల్వుల మీదికి పిస్టన్లు వచ్చి కొడతాయి. పిస్టన్ పైకి వచ్చే చోటూ వాల్వు కిందికి దిగే చోటూ ఒకటే అయిన ఇంజిన్లలో ఇది తప్పదు. వాటిని ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్లు అంటారు. ఇప్పటి కార్లలో ఎక్కువ భాగం ఇవే. డీజిల్ ఇంజిన్లయితే, కంప్రెషన్ నిష్పత్తి (గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందన్న లెక్క) ఎక్కువ కాబట్టి, దాదాపు అన్నీ ఇవే.

మీరు స్టార్టర్ తిప్పినందుకు ఇంజిన్ పోయిందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. స్టార్టర్ తిప్పేది నిమిషానికి 200, 300 చుట్లు. బండి వేగంలో ఉండగా వేలల్లో తిరిగే ఇంజిన్ తిన్న దెబ్బ ముందు ఇది ఎంత? అయినా దాచకండి, జాబ్ కార్డులో (సర్వీస్ సెంటర్ మీ ఫిర్యాదు రాసుకునే కాగితం) ఉన్నదున్నట్టు రాయించండి. ఇక ముందు మాత్రం ఎవరినీ తాళం తిప్పనివ్వకండి. ఆ చప్పుడు గుర్తుందా? మామూలుగా స్టార్టర్ తిరిగేటప్పుడు ఆగి ఆగి వచ్చే ఊపు ఉంటుంది. ఒక్కొక్క సిలిండర్‌లో గాలి నొక్కుకుపోయేటప్పుడు వచ్చే బరువది. బెల్టు పోయిన ఇంజిన్ ఆ ఊపు లేకుండా, తేలిగ్గా, ఒకే తీరున గిర్రున తిరుగుతుంది. కంప్రెషన్ లేదని చెవికే తెలిసిపోతుంది. ఇలాంటి బండిని గేరులో వేసి తోయడం, గేరులో ఉంచి తాడు కట్టి లాగడం రెండూ తప్పే. చక్రాలు తిరిగితే క్రాంకూ తిరుగుతుంది. మీరు లారీ మీద ఎక్కించి మంచి పని చేశారు.

ఇప్పుడు ఆనవాళ్ల సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే సర్వీస్ సెంటర్‌లో మీకు ఇది ఎవరూ విడమరచి చెప్పరు.

బెల్టు ఎలా పోయిందో బెల్టే చెబుతుంది. లోపల గాజు పీచు తాళ్లు, పైన గట్టి సింథటిక్ రబ్బరు, దాని మీద పళ్లు, ఆ పళ్లకు బట్ట పొర. ఈ నాలుగూ ఒక్కో కారణానికి ఒక్కో తీరుగా పాడవుతాయి. వరసగా కొన్ని పళ్లు ఒకే చోట మొదలంటా ఊడిపోయి, మిగిలిన బెల్టు బాగానే ఉంటే, ఆ బెల్టు తిప్పుతున్న వాటిలో ఏదో ఒకటి బిగుసుకుందన్నమాట: వాటర్ పంపు (ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌ను తిప్పేది), క్యామ్‌షాఫ్ట్ లేదా వేరొకటి. బిగువు చాలక వదులైనా పళ్లు ఇలాగే రాలతాయి, కానీ అప్పుడు మిగిలిన పళ్ల మొదళ్లలోనూ చీలికలు కనిపిస్తాయి. బెల్టు అంచు ఒక పక్క అరిగి పీచు లేచి ఉంటే ఏదో పుల్లీ వంకరగా తిరిగింది, దాని బేరింగ్ అరిగి ఉండవచ్చు లేదా బిగింపు సరిగా లేకపోవచ్చు. కత్తితో కోసినట్టు అడ్డంగా నున్నగా తెగితే బిగించే ముందు ఎవరో బెల్టును మడిచారు, లోపలి గాజు పీచు అక్కడే విరిగింది. వీపు మీద చిన్న చిన్న పగుళ్లుంటే వేడి, వయసు. రబ్బరు ఉబ్బి, జిగురుగా, నల్లగా మెరుస్తుంటే దాని మీద ఆయిలో కూలెంటో పడింది. ఆయిల్ అయితే క్యామ్ సీలు గానీ క్రాంక్ సీలు గానీ, కూలెంట్ అయితే వాటర్ పంపు సీలు కారుతుండవచ్చు.

తరువాత పుల్లీ. టెన్షనర్ పుల్లీని వేలితో తిప్పి చూడమనండి, మీ కళ్ల ముందు. బేరింగ్ బాగుంటే చప్పుడు లేకుండా కాస్త బరువుగా తిరుగుతుంది, లోపలి గ్రీజు వల్ల ఆ బరువు. గ్రీజు ఎండిపోతే గరగరమంటుంది. బిగుసుకున్నదైతే తిరగనే తిరగదు. దాని చుట్టూ తుప్పు రంగు పొడి ఉందా, లోహం నీలం తిరిగిందా, ప్లాస్టిక్ పుల్లీ అయితే అంచు కరిగిందా చూడండి. ఈ మూడింటిలో ఏది కనిపించినా ఫోటో తీసుకోండి. బేరింగ్ పాడైందనడానికి అది గట్టి సాక్ష్యం. వాటర్ పంపు కూడా ఇదే బెల్టుతో తిరిగే ఇంజిన్ అయితే దాన్నీ తిప్పి చూడాలి. పంపు ఒంటికి చిన్న రంధ్రం ఉంటుంది, సీలు పోతే కూలెంట్ దాంట్లోంచి కారి ఎండి రంగు మరక కడుతుంది. పంపే ముందు బిగుసుకుని ఉంటే కథ కూలెంట్ వైపు తిరుగుతుంది, అప్పుడు కంపెనీ మీరు పోసిన కూలెంట్ ఏ రకమని అడుగుతుంది. కాబట్టి కూలెంట్ పారబోసే ముందు ఒక శుభ్రమైన సీసాలో కొంచెం, ఆయిల్ ఇంకొక సీసాలో కొంచెం పట్టించి, మూత మీద తేదీ, బండి నంబరు రాయించి, ఇద్దరూ సంతకం చేసి ఉంచుకోండి. అతిగా అనిపించవచ్చు. చివరకు అవసరం పడేది చాలాసార్లు ఇదే.

ఇంకొక సాక్షి బండి కంప్యూటర్. ఏదైనా తప్పు పట్టగానే అది ఒక కోడ్‌తో పాటు ఆ క్షణపు లెక్కలనూ దాచుకుంటుంది: ఇంజిన్ ఎంత తిరుగుతోంది, బండి వేగమెంత, కూలెంట్ వేడి ఎంత, ఇంజిన్ మీద బరువెంత. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. మీ బండిలో క్రాంక్, క్యామ్ పొంతన కుదరలేదని చెప్పే పి0016 గానీ, క్యామ్ సెన్సర్ సిగ్నల్ రాలేదని చెప్పే పి0340 గానీ ఉండే అవకాశం ఎక్కువ. ఆ లెక్కల్లో కూలెంట్ వేడి మామూలుగా ఉంటే ఇంజిన్ వేడెక్కించి పాడుచేశారన్న వాదన నిలవదు. ఇంజిన్ వేగం హద్దు దాటలేదని ఉంటే తప్పు గేరు వేసి అతిగా తిప్పారన్న మాటా నిలవదు. కోడ్ చెరిపితే ఈ లెక్కలూ పోతాయి, కొన్ని బండ్లలో బ్యాటరీ తీసినా పోతాయి. కాబట్టి బ్యాటరీ తీయకముందే స్కానర్ రిపోర్టు ప్రింటు తీయించుకోండి. వాళ్ల తెర మీద ఉన్నది మీ ఫోనులో ఫోటో తీసుకున్నా చాలు.

వీటన్నిటి తరువాతనే విప్పడం. విప్పక్కరలేకుండా తెలిసేది కూడా చాలానే ఉంటుంది. కొత్త బెల్టును తాత్కాలికంగా గుర్తులు సరిచూసి వేసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి, ఒక్కొక్క సిలిండర్‌కు గాలి పట్టించి ఎటు పోతోందో చూడవచ్చు. గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ వైపు బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ వైపు అయితే ఎగ్జాస్ట్ వాల్వు వంగింది. స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలోంచి చిన్న కెమెరా దింపితే పిస్టన్ తల మీద నెలవంక ఆకారపు గాట్లు కనిపిస్తాయి, వాల్వు అంచు తగిలిన చోట్లు అవి. అన్ని సిలిండర్లవీ బొమ్మలు తీయించండి.

ఇక ఆ ఆయిల్ సంగతి. ప్లాస్టిక్ కవర్ తీయగానే బెల్టు కనిపించిందని మీరే రాశారు. అంటే అది పొడి బెల్టు. ఇంజిన్ ఆయిల్‌తో దానికి పొత్తు లేదు. ఆయిల్ దాకా వెళ్లే బెల్టు వేరే రకం, అది ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది, దాని కవర్ గ్యాస్కెట్‌తో మూసి ఉంటుంది. అలాంటి ఇంజిన్‌లో చెప్పిన రకం కాని ఆయిల్ పోస్తే రబ్బరు మెత్తబడి పొరలు లేస్తుంది, ఆ ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి. అక్కడ కంపెనీ ఆయిల్ బిల్లు అడిగితే నేను వాళ్ల పక్షమే. టైమింగ్ చైను ఉన్న ఇంజిన్ అయినా అంతే, దాని టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఆయిల్ తగ్గినా చిక్కబడి మడ్డి కట్టినా చైను వదులై, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే గలగలమంటుంది. మీది ఈ రెండూ కాదు. పొడి బెల్టు టెన్షనర్ పుల్లీలోని బేరింగ్‌కు గ్రీజు ఫ్యాక్టరీలోనే నింపి మూసేస్తారు. బయటి గ్యారేజీలో ఆయిల్ మార్చినవాడు ఆ పుల్లీని ముట్టుకుని కూడా ఉండడు. ఒక్కటి చూసుకోండి: ఆయిల్ పోసేటప్పుడు పైన ఒలికి బెల్టు మీద పడిందా అని. బెల్టు పొడిగా ఉంటే ఆ అనుమానం కూడా తీరుతుంది. అందుకే పొడిగా ఉన్న బెల్టు ఫోటో మీ దగ్గర ఉండాలి.

అయినా ఆ ఆయిల్ మార్పు బిల్లు వెతికి పట్టుకోండి. అందులో తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడు, ఎంత పోశారు, ఫిల్టరు ఏది అన్నవి ఉంటే గట్టి కాగితం. వట్టి ‘సర్వీసు చేశాం’ అని ఉంటే ఆ గ్యారేజీకి వెళ్లి వివరంగా రాయించుకోవచ్చు. బయట సర్వీసు చేయిస్తే వారంటీ మొత్తం పోతుందన్న మాట చాలామంది సర్వీస్ సెంటర్ అడ్వైజర్లు గుక్కతిప్పుకోకుండా చెబుతారు. చట్టాలు దేశానికొక తీరుగా ఉంటాయి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఫలానా బ్రాండు భాగమే వాడాలి, ఫలానా చోటే సర్వీసు చేయించాలి అన్న షరతుతో వారంటీని ముడిపెట్టడం సాధారణంగా కుదరదు, వాటిని ఉచితంగా ఇస్తే తప్ప. మీరున్న చోట చట్టం ఏమన్నా, ఇంజినీరింగ్ అడిగే ప్రశ్న మారదు: ఆ ఆయిల్ ఈ బేరింగ్‌ను ఎలా పాడుచేసింది? దీన్ని ఇదే మాటల్లో, మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే నోటితోనే జవాబు వస్తుంది.

ముందు పాడైనది ఏదన్న ప్రశ్న వారంటీ పుస్తకంలో ఎక్కడ తగులుతుందో చూడండి. కంపెనీ వారంటీ కప్పేది తయారీ లోపాన్ని, సరుకు లోపాన్ని. తరుగుదల భాగాలను అది వదిలేస్తుంది: బ్రేకు ప్యాడ్లు, క్లచ్, వైపర్లు వగైరా. కొన్ని పుస్తకాల్లో బెల్టులూ ఆ జాబితాలో ఉంటాయి. ‘బెల్టు తెగింది’ అని జాబ్ కార్డులో రాస్తే, తరుగుదల భాగం పోయి ఇంజిన్‌ను పాడుచేసిందన్న అర్థం వస్తుంది. ‘టెన్షనర్ పుల్లీ బేరింగ్ బిగుసుకుని బెల్టు పళ్లు రాలాయి’ అని రాస్తే, లోపం ఉన్న భాగం పోయి దాని వెంట బెల్టూ వాల్వులూ పోయాయన్న అర్థం వస్తుంది. ఇంజిన్ అదే, నష్టం అదే, క్లెయిము మాత్రం రెండు దారుల్లో పోతుంది. అందుకే జాబ్ కార్డులో కారణం అన్న గడిని అడ్వైజర్ ఇష్టానికి వదలకండి. మీ ఫిర్యాదు గడిలో మీరు చూసినది మాత్రమే ఉండాలి: ఎంత వేగంలో ఉండగా ఆగింది, ముందు ఏ దీపమైనా వెలిగిందా, ఏ చప్పుడైనా వచ్చిందా. కారణం వాళ్లు తేల్చి రాయాలి, భాగం పేరుతో సహా. బెల్టు మార్చవలసినది 1,00,000 కిలోమీటర్ల దగ్గర అని మీ మాన్యువల్ చెబుతోందన్నారు. ఆ పేజీ ఫోటో కూడా ఈ కట్టలోనే ఉంచండి. సగం దూరం కూడా పోకముందే ఆగిన దాన్ని తరుగుదల అనడం కష్టం. మాన్యువల్‌లో కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది, అదీ చూసుకోండి.

ఇది డబ్బు కట్టి తీసుకున్న పొడిగింపు వారంటీ అయ్యుంటే ఇంత ధీమాగా చెప్పేవాడిని కాను. వాటిలో చాలావరకు బీమా ఒప్పందాల్లాంటివి. కప్పే భాగాల జాబితా ఉంటుంది. జాబితాలో లేని భాగం పోయి జాబితాలో ఉన్నదాన్ని పాడుచేస్తే డబ్బు చెల్లించబోమన్న షరతు తరచూ ఉంటుంది. అక్కడ మొదటి భాగం పేరు మీదే మొత్తం ఆధారపడుతుంది. మీ కంపెనీ వారంటీ గడువు ఇంకా ఆరు నెలలుంది కాబట్టి ఆ బాధ లేదు. గడువు దగ్గర పడినవాళ్లకు మాత్రం ఒక్క మాట: గడువులోపల జాబ్ కార్డు తెరిపించండి. మరమ్మతు తరువాత జరిగినా ఫిర్యాదు తేదీ, ఆనాటి కిలోమీటర్లు కాగితం మీద ఉండాలి.

ఇప్పుడు ఆ సమ్మతి కాగితం. మామూలుగా అందులో ఉండేది ఇది: ఇంజిన్ విప్పుతాం, వారంటీ రాకపోతే విప్పిన కూలీ మీరు కట్టాలి. ఇది అన్యాయమేమీ కాదు. చాలాచోట్ల ఇదే పద్ధతి, కారణం తేలకుండా కంపెనీ ఒప్పుకోదు. మీరు చేర్పించవలసినది: విప్పడానికి గరిష్ఠంగా ఎంత, ఎంతవరకు విప్పుతారు, హెడ్ (వాల్వులుండే పై భాగం) వరకేనా, కింది భాగం కూడానా, విప్పేటప్పుడు మీరు గానీ మీ తరఫు మెకానిక్ గానీ ఉండవచ్చని, తీసిన భాగాలన్నీ తుది నిర్ణయం అయ్యేదాకా కడగకుండా, పారేయకుండా మీ పేరుతో ఉంచుతారని, వారంటీ నిరాకరిస్తే కారణం, వారంటీ పుస్తకంలోని షరతు నంబరు రాసి ఇస్తారని. వారంటీ మంజూరైతే పాత భాగాలు కంపెనీకి వెళ్లిపోతాయి, మీకు ఇవ్వరు. అది మామూలే. అందుకే ఫోటోలు ముందే కావాలి. ఈ మాటలు అచ్చు కాగితంలో లేకపోతే పక్కన పెన్నుతో రాసి ఇద్దరూ సంతకం చేయవచ్చు. అడ్వైజర్ ముఖం చిట్లిస్తాడు. చిట్లించనివ్వండి.

అతని మీద కోపం పెంచుకోకండి మరి. నిర్ణయం అతనిది కాదు. డీలరు క్లెయిము రాస్తాడు, కంపెనీ సాంకేతిక విభాగంలో ఎవరో ఫోటోలు చూసి ఒప్పుకుంటారో లేదో చెబుతారు. వారంటీ పనికి కంపెనీ లెక్కగట్టి ఇచ్చే కూలీ గంటలు మామూలు కస్టమర్ బిల్లు కంటే తరచూ తక్కువ. క్లెయిము తిరస్కరిస్తే ఆ నష్టం డీలరు మీద పడుతుంది. ‘వారంటీ రాకపోవచ్చు’ అన్న మాట వెనుక అనేకసార్లు ఉండేది ఈ భయమే. కాబట్టి మీరు అడగవలసినది ‘ఇస్తారా ఇవ్వరా’ అని కాదు, ‘క్లెయిము పంపారా, దాని నంబరు ఏమిటి, ఏ ఫోటోలు జోడించారు’ అని. అదే రోజు కంపెనీ కస్టమర్ విభాగానికి మీరు నేరుగా ఈమెయిల్ పంపండి. ఛాసిస్ నంబరు, కొన్న తేదీ, కిలోమీటర్లు, జాబ్ కార్డు నంబరు, రెండు పేరాల్లో జరిగింది, ఫోటోలు. తిట్లు, బెదిరింపులు, సోషల్ మీడియా ప్రస్తావన వద్దు. బల్ల అవతల కూర్చున్న రోజుల్లో నేను చూసిన ఉత్తరాల్లో పొడుగాటి కోపం ఉన్నవి పక్కకు పోయేవి, నాలుగు ఫోటోలూ ఒక ప్రశ్నా ఉన్నవి పైకి పోయేవి. అదే ఈమెయిల్‌లో ఈ ఛాసిస్ నంబరుకు టెన్షనర్ విషయంలో రీకాల్ (లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలవడం) గానీ సర్వీస్ బులెటిన్ (డీలర్లకు పంపే మరమ్మతు సూచన) గానీ ఉందా అని కూడా అడగండి. ఉంటే మీ పని చాలా తేలిక.

అప్పటికీ కాదంటే, భాగాలు చేతులు మారకముందే స్వతంత్ర ఇంజినీరు చేత పరీక్ష చేయించి నివేదిక తీసుకోండి. వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లవలసి వస్తే మీ మాటకంటే ఆ నివేదికకే విలువ. నా అంచనా, మీ కేసు అంత దూరం పోదు.

వారంటీ ఒప్పుకున్నారనుకుందాం. చాలామంది ఇక్కడ ఊపిరి పీల్చుకుని పక్కకు తప్పుకుంటారు. అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. కంపెనీ సాధారణంగా అన్నిటికంటే చవకైన మరమ్మతునే మంజూరు చేస్తుంది: హెడ్ దింపి, వంగిన వాల్వులు మార్చి, కొత్త బెల్టు సెట్టు వేయడం. సరిగా చేస్తే అది చక్కని మరమ్మతే, కొత్త ఇంజిన్ ఇవ్వలేదని గొడవ పడనక్కరలేదు. సరిగా చేయడమంటే వంగినట్టు కంటికి కనిపించిన వాల్వులను మాత్రమే మార్చి ఊరుకోవడం కాదు. వాల్వు వంగేటప్పుడు అది జారే గొట్టాన్ని, అంటే గైడ్‌నూ ఒక పక్కకు నెడుతుంది, గైడ్ పగలవచ్చు, లోపలి రంధ్రం కోలగా అయిపోవచ్చు. దాన్ని కొలవకుండా కొత్త వాల్వు దింపితే కొన్ని వేల కిలోమీటర్ల తరువాత సైలెన్సర్ నీలం పొగ వదులుతుంది, అప్పటికి మీ వారంటీ ముగిసిపోయి ఉంటుంది. కాబట్టి గైడ్లు కొలిచారా, వాల్వులు ఆనే సీట్లు సరిచేశారా, హెడ్ అడుగు చదునుగా ఉందో లేదో స్కేలు, ఫీలర్ గేజ్‌తో చూశారా అని అడగండి. హెడ్ గ్యాస్కెట్ కొత్తది కావాలి. హెడ్ బోల్టులు సాగేలా బిగించే రకమైతే అవీ కొత్తవే కావాలి, పాతవి రెండోసారి పనికిరావు. పిస్టన్ల మీద చిన్న గాట్లు మాత్రమే ఉండి పగుళ్లు లేకపోతే వాటిని అలాగే ఉంచవచ్చు. వాల్వు తల విరిగి సిలిండర్‌లో పడి నలిగి ఉంటే మాత్రం హెడ్ మరమ్మతుతో సరిపెట్టుకోకండి. అప్పుడు పిస్టన్, కనెక్టింగ్ రాడ్, సిలిండర్ గోడ అన్నీ చూడాలి, కింది బ్లాకు మార్చడమే న్యాయం. బ్లాకు మారి ఇంజిన్ నంబరు మారితే రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఎక్కించే పని కూడా ఉంటుంది. దానికి కావలసిన పత్రం డీలరు దగ్గర అప్పుడే తీసుకోండి.

బెల్టు ఒక్కటే కాదు, టెన్షనర్, బెల్టుకు దారి చూపే ఐడ్లర్ పుల్లీ, ఆ బెల్టుతో తిరిగేదైతే వాటర్ పంపు కూడా మార్చాలి. కొత్త బెల్టు వేశాక ఇంజిన్‌ను స్టార్టర్‌తో తిప్పేముందు చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ ఒకదానికొకటి వస్తున్నాయో లేదో చూస్తారు. మంచి మెకానిక్‌కు చెప్పక్కరలేదు. బండి తీసుకునేటప్పుడు అన్ని సిలిండర్ల కంప్రెషన్ లెక్కలు రాసి ఇమ్మనండి. అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఒకటి మిగిలినవాటి కంటే బాగా తక్కువగా ఉంటే బండి తీసుకోకండి. ఇప్పుడు మార్చిన భాగాలకు వారంటీ ఎంతకాలమన్నది కూడా బిల్లు మీద ఉండాలి. కొన్ని కంపెనీలు పాత వారంటీలో మిగిలిన కాలమే ఇస్తాయి, కొన్ని వేరుగా ఇస్తాయి. అడగకపోతే చెప్పరు.

ఇంటికి తెచ్చుకున్నాక మొదటి 1,000, 2,000 కిలోమీటర్లు వారానికోసారి ఆయిల్ డిప్‌స్టిక్, కూలెంట్ మట్టం చూడండి. చల్లటి ఇంజిన్ మొదటి నిమిషం చప్పుడు వినండి. తేడా ఏదైనా ఉంటే ఫోనులో చెప్పి ఊరుకోకండి, కొత్త జాబ్ కార్డు తెరిపించండి.

టోయింగ్ ఖర్చు రశీదు క్లెయిముతో జతచేయండి. వారంటీ ఒప్పుకుంటే అనేక కంపెనీలు దాన్ని తిరిగిస్తాయి. బండి లేని రోజులకు మరో వాహనం ఇస్తారా అనేది పుస్తకంలో ఉంటుంది, లేకపోయినా అడగడంలో తప్పులేదు.

రేపు వెళ్లినప్పుడు బెల్టు ఫోటోలు పళ్ల వైపూ వీపు వైపూ రెండూ తీయండి, పక్కన స్కేలు పెట్టి. పుల్లీ ఫోటో ముందు నుంచి కాకుండా పక్క నుంచి తీస్తే బేరింగ్ సీలు కనిపిస్తుంది. స్కానర్ ప్రింటుతో కలిపి అవి చూపిస్తే పుల్లీ ముందు బిగుసుకుందా, పంపా అన్నది ఇంకాస్త గట్టిగా చెప్పగలను.